చౌషెస్కును కాల్చింది బ్యాంకులు కాదు

"రొమేనియా కమ్యూనిస్టు అధినేత నికొలాయె చౌషెస్కు దేశానికి ఒక్క డాలరు అప్పు లేకుండా చేశాడు. ప్రజలు సుఖంగా బతికారు. పేద దేశాలకు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి)తో పని లేకుండా సొంత బ్యాంకు పెట్టబోతుంటే పాశ్చాత్య దేశాలు కాల్చి చంపించాయి." ఈ పోస్టు ఎన్నాళ్లుగానో చేతులు మారుతోంది. అప్పు లేనివాడే అధిక సంపన్నుడన్న మాట వింటూ పెరిగిన మనకు ఇది ఇట్టే నచ్చుతుంది. ఇందులో మొదటి వాక్యం నిజం. తక్కిన రెండూ దాని భుజమెక్కి నిలబడ్డవి.

అప్పు సంగతి. 1989 ఏప్రిల్‌లో పార్టీ కేంద్ర కమిటీ సమావేశంలో బాకీ మొత్తం తీరిందని చౌషెస్కు ప్రకటించాడు. 1975 నుంచి సుమారు 2,100 కోట్ల డాలర్లు కట్టామనీ, అందులో 700 కోట్లకు పైగా వడ్డీయేననీ చెప్పాడు. ఇకమీదట విదేశీ అప్పు తేకూడదని చట్టం కూడా చేయించాడు.

పోస్టు దాటవేసేది, ఆ అప్పు తెచ్చిందీ ఆయనేనని. పార్టీ పగ్గాలు 1965లోనే ఆయన చేతికొచ్చాయి. 1972లో సోవియట్ సైనిక కూటమి (వార్సా కూటమి)లో ఉంటూ ఐఎంఎఫ్‌లో మొదట చేరింది ఆయన రొమేనియాయే. తెచ్చిన డాలర్లు ఉక్కు, పెట్రోకెమికల్స్, చమురు శుద్ధి కర్మాగారాల్లోకి పోయాయి. దేశంలో దొరికే చమురుకు రెట్టింపు కంటే ఎక్కువ శుద్ధి చేయగల రిఫైనరీలు కట్టారు. అంటే కొరత మేరకు ముడి చమురు డాలర్లిచ్చి కొనాలి. 1979లో ఇరాన్ విప్లవంతో అక్కడి సరఫరా దెబ్బతింది, ధర ఎగిరింది. అదే సమయంలో అమెరికాలో వడ్డీ రేట్లు ఆకాశాన్నంటాయి. 1981కి బాకీ 1,000 కోట్ల డాలర్లు దాటింది, మరుసటి ఏడు కిస్తీల గడువు పొడిగించమని అడగాల్సి వచ్చింది. పోలెండ్ బాకీ దీనికి రెట్టింపు పైమాటే, అయినా పోలెండ్ బేరమాడుతూ వాయిదాలు తెచ్చుకుంది. చౌషెస్కు దాన్ని అవమానంగా తీసుకుని, అసలుతో సహా అంతా తీర్చేస్తానని పట్టుబట్టాడు.

"ప్రజలు సుఖంగా బతికారు" అన్నదాన్ని ఇక్కడే చూడాలి, ఎందుకంటే ఆ అప్పు తీరింది జనం వంటింట్లోంచి. రొమేనియా సొంత కరెన్సీ లేయితో పాశ్చాత్య బాకీ తీరదు, డాలరో జర్మన్ మార్కో కావాలి. వాటిని మిగల్చడానికి దారులు రెండే: బయట కొనడం తగ్గించాలి, బయటికి అమ్మడం పెంచాలి. రెండూ ఒకేసారి చేశారు. యంత్రాల విడిభాగాలు, పశువుల దాణా, మందులు, ఆసుపత్రి సామగ్రి దిగుమతులకు కోత పడింది. ఎగుమతికొస్తే, రొమేనియా యంత్రాలకు పాశ్చాత్య మార్కెట్‌లో గిరాకీ అంతంతమాత్రం. వెంటనే డబ్బయ్యేవి మాంసం, ధాన్యం, శుద్ధి చేసిన ఇంధనం. అవి ఓడలెక్కాయి. విడిభాగాల్లేక కర్మాగారాలూ విద్యుత్ కేంద్రాలూ మొరాయించాయి, ఉత్పత్తి పడిపోయింది, ఆ లోటు పూడ్చడానికి ఇంకొంత తిండి ఎగుమతి చేయాల్సి వచ్చింది. ఈ గానుగ ఎనిమిదేళ్లు తిరిగింది.

1981 అక్టోబరు డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రకారం నూనె, పంచదార, పిండి, బియ్యం వంటివి ఒక నెల వాడకానికి మించి ఇంట్లో దాస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. మరుసటి ఏడు "శాస్త్రీయ ఆహార కార్యక్రమం" వచ్చింది, రొమేనియన్లు అతిగా తింటున్నారని దాని సారాంశం. చాలా జిల్లాల్లో బ్రెడ్ కూడా రేషనే. మాంసం కొట్లో మిగిలే పంది కాళ్లకు జనం "అడిడాస్" అని పేరు పెట్టుకున్నారు. తక్కిన పంది అప్పటికే సరిహద్దు దాటేసింది మరి. చలికాలంలో గదుల్లో వేడి 12 నుంచి 14 డిగ్రీలు మించకూడదు. అక్కడి చలి మైనస్ 15కి దిగిన రాత్రులున్నాయని గుర్తుంచుకుంటే ఆ అంకెకు అర్థం తెలుస్తుంది. 1985 నుంచి మామూలు రోజుల్లో టీవీ రెండు గంటలే, అందులోనూ అధినేత దర్శనమే ఎక్కువ.

పిల్లల కథ ఇంకా ఘోరం. 1966 నాటి 770వ డిక్రీతో గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించారు. జననాల రేటు ఒక్క ఏడాదిలో వెయ్యికి 14 నుంచి 27కి ఎగబాకి, తర్వాత మళ్లీ జారింది, ఎందుకంటే ఆడవాళ్లు చాటుమాటు పద్ధతులకు దిగారు. 1989 లోపు అలా సుమారు పదివేల మంది చనిపోయారు. సాకలేక వదిలేసిన పిల్లలతో అనాథాశ్రమాలు నిండాయి. సిరంజిలు చాలక ఒకే సూదిని పదే పదే వాడారు, రక్తాన్ని పరీక్షించకుండా ఎక్కించారు. 1990లో తలుపులు తెరిచి చూస్తే, యూరప్‌లో ఎయిడ్స్ సోకిన పిల్లల్లో సగానికి పైగా రొమేనియాలోనే ఉన్నారు.

ఇదే కాలంలో, 1984 నుంచి, రాజధాని బుకారెస్ట్‌లో 3,65,000 చదరపు మీటర్ల "ప్రజా భవనం" లేస్తోంది. దానికోసం పాత నగరంలో కొన్ని పేటల్నే నేలమట్టం చేశారు. అందరికీ ఉద్యోగం, ఫ్లాటు అన్నది చాలావరకు నిజమే. కానీ ఆ ఫ్లాట్లో కోటు విప్పకుండా పడుకునేవారు.

ఇక హత్య కుట్ర. పాశ్చాత్య దేశాలకు చౌషెస్కు పుట్టు శత్రువేం కాదు. 1968లో చెకొస్లొవేకియా మీద సోవియట్ దండయాత్రను ఖండించాక ఆయనను నెత్తినెక్కించుకున్నది వాళ్లే. 1969లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బుకారెస్ట్ వచ్చాడు, 1978లో చౌషెస్కు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో బస చేశాడు. ఆయన మీద తిరగబడ్డది సొంత కార్మికులు: 1977లో జియు లోయ గని కార్మికులు, 1987 నవంబరు 15న బ్రషోవ్ ట్రక్కుల ఫ్యాక్టరీ వాళ్లు. ఇందులో మొదటిది అప్పు తీర్చే పంతానికి ముందరిదే.

1989 డిసెంబరు 16న తిమిషొవారా నగరంలో ఒక పాస్టరును ఇంట్లోంచి గెంటివేయకుండా జనం అడ్డు నిలిచారు, 17న సైన్యం కాల్పులు జరిపింది. 18న చౌషెస్కు ఇరాన్ వెళ్లాడు. సొంత బ్యాంకు పెట్టడానికే వెళ్లాడన్న కథకు పట్టు దొరికేది ఈ ప్రయాణంలోనే. జనానికి బల్బులు తగ్గించుకోమని చెప్పిన ఖజానా ఐఎంఎఫ్‌కు పోటీగా బ్యాంకు ఎలా పెడుతుందో పోస్టు రాసినవాళ్లే చెప్పాలి. 20న తిరిగొచ్చాడు, 21న బుకారెస్ట్ సభలో కేకలు మొదలయ్యాక కనీస వేతనం 2,000 నుంచి 2,200 లేయిలకు పెంచుతానన్నాడు. అంగళ్లు ఖాళీగా ఉన్న ఊళ్లో ఆ 200 లేయిలు ఎవరికి కావాలి? 22 మధ్యాహ్నం కేంద్ర కమిటీ భవనం పైకప్పు మీంచి హెలికాప్టరెక్కాడు.

ఆ రాత్రి కొత్త ప్రభుత్వం చదివిన ప్రకటన చూడండి. ఆహార పదార్థాల ఎగుమతి ఆపేస్తాం, చమురు ఎగుమతి తగ్గిస్తాం, ముందు ఇళ్లకు వేడి, వెలుతురు ఇస్తాం అని అందులో ఉంది. జనం దేనికోసం రోడ్డెక్కారో ఆ వాక్యం చెబుతుంది. చదివిన కొత్త ప్రభుత్వ నేత ఇలియెస్కు విదేశీ ఏజెంటు కాదు, చౌషెస్కు కిందే కేంద్ర కమిటీ కార్యదర్శిగా చేసినవాడు.

అవతలి పక్షం పంచే అబద్ధాలూ ఉన్నాయి: 60 వేల మందిని చంపాడని, విదేశాల్లో 100 కోట్ల డాలర్లు దాచాడని. ఇవి పట్టుబడ్డాక, డిసెంబరు 25న తర్గోవిష్టే సైనిక శిబిరంలో జరిగిన విచారణలో ఆయనపై మోపిన అభియోగాలు. ఆ డబ్బు ఎక్కడా దొరకలేదు. మొత్తం మృతులు 1,100 పైచిలుకు, వారిలో ఎక్కువమంది పోయింది ఆయన పారిపోయాకే, ఎవరు ఎవరిమీద కాలుస్తున్నారో తెలియని గందరగోళంలో. విచారణ గంట సేపు. సాక్షి ఒక్కరూ లేరు. అప్పీలు గడువు కాగితం మీదే ఉండిపోయింది, తీర్పు వెలువడిన నిమిషాల్లో భార్య ఎలేనాతో సహా గోడకు నిలబెట్టి కాల్చేశారు.

అంత తొందర బ్యాంకులకు అక్కర్లేదు, వాటి బాకీ అప్పటికే వసూలైంది. తొందర ఆ కోర్టును ఏర్పాటు చేసినవాళ్లది. అందులో ముఖ్యుడు జనరల్ స్టాన్‌కులెస్కు. 17న తిమిషొవారాకు పంపిన సైనికాధికారుల్లో ఒకడు. 22న ఎటూ చిక్కకుండా ఆరోగ్యంగా ఉన్న కాలికి పిండికట్టు వేయించుకుని ఆసుపత్రి నుంచి వచ్చాడు. హెలికాప్టరెక్కమని చౌషెస్కుకు సలహా ఇచ్చినవాడూ, మూడు రోజుల తర్వాత ఆ విచారణ నడిపించినవాడూ ఆయనే. 2008లో రొమేనియా అత్యున్నత న్యాయస్థానం తిమిషొవారా కాల్పుల కేసులో ఆయనకు 15 ఏళ్ల జైలు వేసింది.