ఆశ క్యూలో నిలబడితే దొరకదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు కష్టం వచ్చిన ప్రతిసారీ ఒకే తంతు నడుస్తుంది. తుపాను తీరం దాటిన మర్నాడో, వేలం కేంద్రంలో పొగాకు బేళ్లు నోబిడ్ కింద, అంటే పాడేవారు లేక, వెనక్కి వచ్చిన వారమో, రొయ్యల కౌంటు ధర (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన కట్టే ధర) ఉన్నట్టుండి పడిపోయిన రోజో నాయకులు వచ్చి ‘అధైర్యపడకండి, మేమున్నాం’ అని చెప్పి వెళతారు. ఆ మాట అనడంలో తప్పేమీ లేదు. అయితే మనిషికి ముందు ధైర్యం నూరిపోస్తే ఆ తర్వాత అతనే లేచి నలుగురితో కలుస్తాడన్న నమ్మకం ఒకటి దాని వెనక ఉంది. ఆ నమ్మకమే తప్పని నా వాదన. గత నలభై ఏళ్లలో ఇక్కడి జనం నిజంగా గట్టెక్కిన సందర్భాలను చూస్తే, వాళ్లు ముందు ఒకచోట కూర్చున్నారు, ఒక చిన్న పని చేసి చూశారు, అది ఫలించాక వాళ్లకు ఆశ కలిగింది. ఆశతో మొదలైన ఉద్యమం ఒక్కటీ నాకు కనిపించలేదు.

దూబగుంట సంగతి ఇక్కడి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు గానీ, అది మొదలైన తీరును మనం సగమే గుర్తుపెట్టుకున్నాం. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ పల్లెలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారని, రోశమ్మ ముందు నిలబడిందని, ఆమె తెగువ రాష్ట్రాన్ని కదిలించిందని చెప్పుకుంటాం. తెగువ మాట నిజమే. కానీ అంతకు ముందు ఏడాది జిల్లాలో అక్షర దీపం అనే వయోజన అక్షరాస్యత కార్యక్రమం మొదలైంది. పగలంతా కూలికి వెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట బడిలో కూర్చుని పలకా బలపం పట్టారు. వాచకంలోని ఒక పాఠం తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన సీతమ్మ గురించి, ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించడం గురించి చెప్పింది. ఆ పాఠం చదివి కదిలిపోయారని తేల్చేయడం సులువు. నా దృష్టిలో పాఠం కంటే పెద్ద విషయం, ఏ ఇంటి బాధ ఆ ఇంట్లోనే మింగుకున్న ఆడవాళ్లకు రోజూ ఒకే వేళకు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు దొరకడం. మొగుడు తాగి వచ్చి కొట్టడం తన తలరాత అనుకున్న మనిషికి, పక్కన కూర్చున్న పదిమందికీ అదే తలరాత ఉందని తెలిసిన రోజున, దీన్ని రాసింది బ్రహ్మ కాదేమో, ప్యాకెట్లలో సారా నింపి పల్లె పల్లెకూ పంపుతున్న సర్కారేమో అన్న అనుమానం వస్తుంది.

అప్పుడు వాళ్లు చేసిన మొదటి పని చాలా చిన్నది. తమ ఊళ్లోకి సారా రానివ్వలేదు, అంతే. ప్రభుత్వ విధానాన్ని మార్చాలన్న పథకం గానీ, మారుతుందన్న భరోసా గానీ ఆ రోజున ఎవరి దగ్గరా లేవు. ఒక ఊళ్లో దుకాణం మూతపడిందని విని పక్క ఊరు ప్రయత్నించింది, ఆ ఊరిని చూసి మండలం కదిలింది, ఆడవాళ్లు కలెక్టరేటు దాకా వచ్చి అడ్డం కూర్చుంటే జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తివేశారు.

ఎత్తేశారు కదా, ఇక గెలిచింది ఏమిటి అని అడిగేవారికి పొదుపులక్ష్మి అనే ఆడవాళ్ల పొదుపు బృందాలను చూపించాలి. సారాకు పోయే డబ్బు చేతిలో మిగిలినప్పుడు ఆ ఆడవాళ్లే రోజుకు రూపాయి చొప్పున, నెలకు ముప్పై రూపాయలు దాచుకోవడం మొదలుపెట్టారు. నెలనెలా నిర్ణయించుకున్న రోజున కూర్చోవడం, ఎవరు ఎంత కట్టారో పుస్తకంలో రాయడం, ఎవరికి ముందు అప్పు కావాలో తమలో తామే వాదించుకుని తీర్మానం చేయడం, తీసుకున్నవారు కట్టకపోతే ఇంటికి వెళ్లి అడగడం, కట్టలేని కారణం నిజమైతే ఆగడం, ఇవన్నీ ఏ ప్రసంగమూ నేర్పలేని విద్యలు. బిడ్డకు జ్వరం వస్తే నూటికి అయిదు రూపాయల వడ్డీకి చేయి చాచాల్సిన మనిషి, తన డబ్బు కూడా కలిసి ఉన్న పెట్టెలోంచి అప్పు తీసుకోవడం మొదలుపెట్టాక, రేపటి గురించి వేరే రకంగా ఆలోచిస్తుంది. అది ముప్పై రూపాయల మహిమ అని నేననను. తప్పకుండా జరిగే సమావేశం మహిమ అంటాను. కష్టకాలంలో అక్కరకొచ్చే ఐక్యతను మామూలు రోజుల్లోనే, విసుగు పుట్టించే లెక్కల మధ్య, గట్టి చేసుకోవాలి. ఏటికి వరద వచ్చిన రాత్రి కొత్తగా సంఘం కట్టడం ఎవరి వల్లా కాదు.

2021వ సంవత్సరం ఇదే సంగతిని రెండుసార్లు నిరూపించింది. ఆ ఏడాది మే నెలలో, కరోనా రెండో దశలో ఆసుపత్రులలో పడకలూ ఆక్సిజనూ దొరకని రోజుల్లో, ఆయుర్వేద మందు ఇస్తున్నారని తెలిసి వేలమంది కృష్ణపట్నం దారి పట్టారు. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులను సైతం అంబులెన్సుల్లో తీసుకొచ్చారు. మందు సంగతి పక్కన పెడదాం, ఆ రద్దీని చూద్దాం. ఒకరి భుజం ఒకరికి తగిలేంత దగ్గరగా నిలబడిన ఆ వేలమందిలో ప్రతి ఒక్కరూ ఒంటరే. నా వంతు వచ్చేదాకా మందు అయిపోకూడదన్నదే ప్రతి ఒక్కరి ప్రార్థన, ఆ ప్రార్థనలో ముందున్నవాడు పోటీదారు. ఆపదలో దిక్కుతోచక వెళ్లినవారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కానీ గుంపును చూసి ఐక్యత అనుకోవడం, ఎదురుచూపును ఆశ అనుకోవడం మనకు అలవాటైపోయిందని మాత్రం చెప్పాలి.

అదే ఏడాది నవంబరులో పెన్నకు వరద వచ్చింది. సోమశిల జలాశయం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలడంతో నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగి కోల్‌కతా, చెన్నైల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. నీళ్లున్నంతసేపు జనం ఒకరినొకరు మోసుకున్నారు, అన్నం పొట్లాలు పంచుకున్నారు. నీళ్లు తీశాక నష్టపరిహారం జాబితా వచ్చింది, దానితోపాటు పాత ఒంటరితనమూ వచ్చింది. సాయం ఇంటి లెక్కన, పట్టాదారు లెక్కన వస్తుంది కాబట్టి ఎవరికి వారు సచివాలయం మెట్లెక్కి తమ పేరు ఉందో లేదో చూసుకోవాలి. పక్కింటికి వచ్చి తనకు రాకపోతే కోపం ప్రభుత్వం మీద కంటే ముందు పక్కింటి మీదకు పోతుంది. నిజానికి వరద మిగిల్చే నష్టాల్లో ఒక్కడు తీర్చుకోగలిగినవి చాలా తక్కువ. పొలంలో ఇసుక మేట వేస్తే ఒక రైతు తన చేలోంచి తీసిన ఇసుకను పక్క చేలో పోయలేడు. తెగిన పంట కాలువను తన గట్టు వరకే పూడ్చుకుని నీళ్లు పారించుకోలేడు. పని ఉమ్మడిది, పరిహారం విడివిడిది. కాలువ కింద రైతులందరికీ కలిపి ఒక పద్దు ఇచ్చి, ఖర్చు వాళ్లనే తేల్చుకోమంటే గొడవలు వస్తాయన్నది అధికారుల భయం. వస్తాయి, అయితే కలిసి కూర్చుని పడే గొడవకు ఎవరికి వారు ఏడ్చే ఏడుపు కంటే విలువ ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కలిసి ఉండాలన్న మాటను ఊరి పెద్దలే ఎక్కువగా ఇష్టపడతారు, ఎందుకంటే వాళ్లు చెప్పే ‘ఊరంతా ఒక్కటే’ అన్న మాటకు అర్థం కింద ఉన్నవాళ్లు నోరెత్తకూడదని. నాడు ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులను చంపినప్పుడు, బతికి బయటపడినవారు ఆ ఊరి ఐక్యతను కాపాడే పని పెట్టుకోలేదు. ఊరు వదిలి చీరాల చేరారు, అక్కడ శిబిరం వేసుకుని తమలాంటి వారితో కలిశారు, ఆ కలయికలోంచి దళిత మహాసభ పుట్టింది. ప్రధాన నిందితుడికి సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్ష ఖరారు చేసేసరికి 2008 వచ్చింది. అన్నేళ్లు నిలబడేందుకు కావలసిన బలం ఏ ఒక్కరి గుండె ధైర్యంలోనూ ఉండదు. కాబట్టి కలవడం అంటే ఒకే దెబ్బ తిన్నవాళ్లు సమానులుగా కలవడం. కొట్టినవాడినీ కొట్టించుకున్నవాడినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టి సర్దుకుపొమ్మనడాన్ని దానితో కలపకూడదు.

రైతుల దగ్గరకు వస్తే ఈ లోటు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2015లో ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కలచివేశాయి. 2025లో నల్లబర్లీ అనే మరో రకం పొగాకు వంతు వచ్చింది. వర్జీనియా పొగాకుకు కనీసం పొగాకు బోర్డు, వేలం కేంద్రం, నలుగురి ముందు పలికే ధర ఉన్నాయి. బర్లీ రైతుకు అవేమీ లేవు. మండె వేసుకున్న సరుకు ముందు నిలబడి కంపెనీ ఏజెంటుతో ఒంటరిగా బేరమాడాలి. పంట వేసేటప్పుడు ప్రోత్సహించినవారు కొనేటప్పుడు ముఖం చాటేస్తే, రైతులు రోడ్డెక్కిన తర్వాత గానీ రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోళ్లు మొదలు కాలేదు. రొయ్య రైతు పరిస్థితీ అంతే. అదే ఏడాది అమెరికా సుంకాల వార్త రాగానే కొనేవాళ్లంతా ఒక్క మాట మీద కౌంటు ధర తగ్గించినట్టు కనిపించింది, అమ్మేవాళ్లు మాత్రం చెరువుకొక మాట మీద ఉన్నారు. కోట్ల రూపాయల సరుకు పండించే రైతులకు, రోజుకు రూపాయి దాచుకున్న కూలి ఆడవాళ్లకు ఉన్నపాటి సంఘం లేకపోవడం వింతే.

ఇదంతా ప్రభుత్వాలు బాధ్యత తప్పించుకోవడానికి పనికొచ్చే వాదన అని కొందరంటారు. సోమశిల గేట్లను ఊళ్లోని పొదుపు బృందాలు కలిసిన గ్రామైక్య సంఘం ఎత్తలేదు, వెలిగొండ సాగునీటి ప్రాజెక్టు సొరంగాలను చందాలు వేసుకుని తవ్వలేరు అన్నది వాళ్ల మాట. ఒప్పుకుంటాను. కానీ వెలిగొండకు శంకుస్థాపన జరిగింది 1996లో. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. ఇన్నేళ్లూ కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం ప్రాంతాల వాళ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ, వలస బస్సులెక్కుతూ, ప్రతి ఎన్నికలోనూ అదే హామీ విన్నారు. వేలంపాట ఆపగలిగిన ఆడవాళ్లకు ప్రభుత్వం రెండేళ్లు తిరక్కుండానే దిగివచ్చింది, ఓపికగా ఎదురుచూసిన జనానికి పాతికేళ్లకు ఒక సొరంగం వచ్చింది. ప్రభుత్వం చేత పని చేయించడానికైనా సంఘమే కావాలనడానికి ఇంతకు మించి ఏం కావాలి?

అసలు బాధ ఏమిటంటే సంఘాలు లేక కాదు, ఉన్నవి మనవి కాకుండా పోవడం. పొదుపులక్ష్మి బృందాలు ప్రభుత్వ మహిళా సంఘాల పథకం డ్వాక్రాలో కలిశాయి, ఆ తర్వాత వెలుగు పథకం వచ్చింది, పథకం పేరు మారిన ప్రతిసారీ సమావేశం అజెండా పల్లె నుంచి ఆఫీసుకు ఒక్కో మెట్టు ఎక్కింది. ఇవాళ సంఘం మీటింగు అంటే బ్యాంకు లింకేజీ వాయిదా, సంఘాల లెక్కలు చూసే యానిమేటర్ చదివి వినిపించే సర్క్యులర్, ముఖ్యమంత్రి ఎవరైనా సరే ఆయన సభకు ఎంతమంది రావాలన్న లెక్క. ఊళ్లో బెల్టుషాపు గురించి తీర్మానం చేయాలంటే ఆ సంఘమే జంకుతుంది. తోటివారి కోసం పూచీ పడే గుణాన్ని సూక్ష్మరుణ సంస్థలు వసూళ్ల కొరడాగా మార్చుకున్నాయి. ఒకామె వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె గుమ్మం ముందు కూర్చోవలసి వచ్చింది, అది ఆత్మహత్యల దాకా పోయాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. కూడబలుక్కుని సారాను తరిమిన అదే బంధం, పగ్గం చేతులు మారేసరికి మెడకు ఉరి అయింది.

వ్యవసాయ సహకార సంఘాల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు తీరాక, ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ మనుషులతో వేసిన కమిటీలే ఏళ్ల తరబడి వాటిని నడిపాయి. 1997 చట్టంతో వచ్చిన సాగునీటి సంఘాలకు కూడా మధ్యలో చాలా కాలం ఎన్నికల ఊసే లేదు, 2024 డిసెంబరులో గానీ మళ్లీ జరగలేదు. అధ్యక్షుడిని తాము ఎన్నుకోని సంఘాన్ని రైతు ఎరువుల కొట్టుగా చూస్తాడే తప్ప తనదిగా చూడడు, అతన్ని నిందించి లాభం లేదు.

ప్రభుత్వం ఎన్నికలు పెట్టేదాకా కూర్చోనక్కర్లేని దారి ఒకటి ముప్పై ఏళ్లుగా తెరిచే ఉంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, ప్రభుత్వ వాటా ధనం లేకుండా, సొంత నిబంధనలు రాసుకుని సంఘం పెట్టుకోవచ్చు. కొండపి వైపు బర్లీ వేసిన కౌలు రైతులు, విడవలూరు, ఇందుకూరుపేటల రొయ్య చెరువుల వాళ్లు వచ్చే పంటకు ముందే ఆ పని మొదలుపెట్టాలి. సభ్యత్వ రుసుము ఎంత చిన్నదైనా ఫరవాలేదు. నెలకొక తేదీ నిర్ణయించుకోవాలి, పద్దు పుస్తకం సభ్యులందరూ చూసే చోట ఉండాలి, మొదటి తీర్మానం ఈ సంఘం సభ్యుడెవరూ తోటివారికి చెప్పకుండా ఏజెంటుకు ధర ఒప్పుకోకూడదని ఉండాలి.