కీ ఎక్కడ పెట్టారు సార్?

నా కారు పోయిన రోజు పొద్దున్నుంచీ అందరిదీ ఒకటే ప్రశ్న. "కీ ఎక్కడ పెట్టారు సార్?" కారు ఎక్కడ పెట్టానన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

వీధి తలుపు పక్కన మేకుకు తగిలించానన్నాను. కంపెనీ హెల్ప్‌లైన్ ఆయన నిట్టూర్చాడు, దొంగతనం చేసింది ఆ మేకే అన్నట్టు. తర్వాత ఓపిగ్గా పాఠం చెప్పాడు. ఒక దొంగ తలుపు దగ్గర చిన్న పెట్టె పట్టుకుని నిలబడతాడట. ఇంట్లోని కీ సిగ్నల్ అందుకుని, కారు పక్కనున్న రెండో దొంగ పెట్టెకు అది చేరవేస్తుందట. కారేమో ఓనర్ వచ్చాడనుకుని తలుపు తీసేస్తుంది, స్టార్ట్ కూడా అవుతుంది. కాబట్టి సిగ్నల్ బయటికి పోకుండా కీని రేకు డబ్బాలో పడుకోబెట్టాలి. కీ జేబులోంచి తీయక్కర్లేదంటే మురిసిపోయి అదనంగా డబ్బు కట్టినవాణ్ని నేను. ఇక రోజూ డబ్బాలోంచి తీయాలి, డబ్బాలో పెట్టాలి.

స్టేషన్లో ఫిర్యాదు రాసుకున్నాయనకు ఇంత శ్రమ లేదు. నంబరు అడిగాడు, రంగు అడిగాడు. "తెలుపు" అని రాసుకుని పెన్నుకు మూత పెట్టేశాడు. నంబరు ప్లేటంటే రెండు స్క్రూల వ్యవహారం. దొంగ ముందు మార్చేది దాన్నే.

ఇక మిగిలింది కారు పిచ్చోళ్లు. మా మేనల్లుడి బ్యాచ్. వీళ్లను ఇన్నాళ్లూ పనీపాటా లేనివాళ్ల కిందే జమకట్టాను. సాయంత్రం నలుగురూ వచ్చి నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

"ఏ వేరియంట్ మావయ్యా?"

"తెల్లది."

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"డీఆర్ఎల్స్, అదే పగలు కూడా వెలిగే ముందు లైట్లు, ఉన్నాయా?"

"ఉంటే వాటినీ వాడే పట్టుకుపోయుంటాడు."

నాతో లాభం లేదని నా ఫోన్ లాక్కున్నారు. పుట్టినరోజు ఫొటోలో మా అమ్మాయి మొహాన్ని పక్కకు జరిపేసి, వెనకాలున్న చక్రాన్ని పెద్దది చేశారు. "చూశావా, ఎడమ వెనక వీల్ కవర్‌కి ఏడు ఊచలు, మిగతావాటికి ఐదు!" ఆరేళ్లు తోలాను, నాకు తెలీదు. వెనక అద్దం మీద పీకేసిన స్టిక్కర్ జిగురు పట్టుకున్నారు. బంపర్ మీద గీత పట్టుకున్నారు. ఆ గీత సంగతి మా ఆవిడకు అప్పుడే తెలిసింది. ఆ రాత్రికి కారు పోవడం చిన్న విషయమైపోయింది.

"కంగారు పడకు మావయ్యా, కారు ఇంకా చల్లారుతూ ఉంటుంది" అన్నాడు మేనల్లుడు. కొట్టేసిన బండిని చాలామంది వెంటనే అమ్మరట. ట్రాకర్ ఉందేమో, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో చూద్దామని ఎక్కడో జనం తిరిగే పార్కింగ్‌లో కొన్నాళ్లు వదిలేస్తారట. వీళ్లు నాలుగు దిక్కులు పంచుకుని పార్కింగులన్నీ తిరిగారు. మూడో రోజు ఫోన్. నంబరు వేరే, ఊచలు మాత్రం ఏడే. కారును ముట్టుకోకుండా ముందు అద్దం కింద కనిపించే 17 అక్షరాల ఛాసిస్ నంబరు చదువుతున్నారు, నేను కాగితాలతో సరిచూస్తున్నాను.

"ఆ తర్వాత ఓ ఉందిరా."

"ఓ ఉండదు మావయ్యా. ఐ, ఓ, క్యూ అసలు వాడరు, ఒకటితో, సున్నాతో తికమక అవుతుందని. అది సున్నా!"

పోలీసులు వచ్చేదాకా రెండు గంటలు దూరంగా కాపలా కాశారు. ఆ రెండు గంటల్లో నాకు మూడు మెసేజ్‌లు. మూడూ ఆ వీల్ కవర్లు చూడలేకపోతున్నామనే.

నాకు వీళ్ల మీద నవ్వొస్తుంది. ఆ హెల్ప్‌లైన్ మీద రాదు. 2011లోనే జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్లను సరిగ్గా ఈ పెట్టెల పద్ధతిలోనే తెరిచి చూపించారు, పేపరు ప్రచురించారు. ఎవరికీ తెలియని రహస్యమేం కాదు. కదలకుండా పడి ఉంటే సిగ్నల్ ఆపేసే కీలు వచ్చాయి, కీ ఎంత దూరంలో ఉందో కొలిచే చిప్పులూ వచ్చాయి. నాకు అమ్మినదాంట్లో అవేవీ లేవు. తెలిసి తెలిసి పనికిమాలిన తాళం అంటగట్టి, నా ఇంటి మేకు గురించి నన్నే నిలదీస్తారా? సిగ్గుండాలి!

కారు తెచ్చుకోవడానికి స్టేషన్‌కి వెళ్తే అదే ఆయన, అదే పెన్ను.

"మీ కారేనని గుర్తేంటి?"

"ఎడమ వెనక వీల్ కవర్‌కి ఏడు ఊచలండీ" అన్నాను గర్వంగా.

ఆయన నన్ను కాసేపు ఎగాదిగా చూసి, "తెలుపు" అని రాసుకున్నాడు.