తొడుగుకి జిగురెందుకు?

ఊరి నుంచి వచ్చిన చోడిపిండి (రాగిపిండి), పలాస జీడిపప్పు, భీమాలి మామిడి తాండ్ర ఇంటికి చేరాక ఖాళీ పాలపొడి డబ్బాల్లోకో కాఫీ సీసాల్లోకో వెళ్తాయి. వాటికి క్రోషియా తొడుగు, అంటే కొక్కెం సూదితో అల్లే తొడుగు, అల్లడం మంచి పని. కానీ అంత ఓపిగ్గా అల్లినదాన్ని గ్లూ గన్‌తో డబ్బాకి అతికించెయ్యడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తలగడకి గలీబు ఎలాగో డబ్బాకి తొడుగు అలాగే. తియ్యాలి, ఉతకాలి, మళ్లీ వెయ్యాలి. తాలింపు పొగలోని జిడ్డు నెల తిరిగేసరికి నూలుకి పట్టేస్తుంది. అతికించిన తొడుగుని డబ్బాతో సహా కడిగితే నూలు తాగిన నీరు రేకు పక్కనే నిలిచిపోయి తుప్పు లేస్తుంది. ఆ మరక నూలుకి ఎక్కిందంటే ఇక పోవడం కష్టం. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కడక్కపోయినా రేకుకి ఆ భయం ఉంటుంది.

జిగురు లేకుండా నిలవాలంటే కొలతే ఆధారం. డబ్బా చుట్టుకొలత 32 సెంటీమీటర్లు అనుకుందాం. తొడుగు 30 ఉండాలి. నూలు అల్లిక సాగుతుంది కాబట్టి ఆ రెండు సెంటీమీటర్ల బిగువే జారకుండా పట్టుకుంటుంది. మధ్యరకం లావు నూలుతో, 4 మిల్లీమీటర్ల సూదితో అల్లితే 10 సెంటీమీటర్లకు సుమారు 16 కుట్లు పడతాయి. అంటే చుట్టూ 48. ఒక్కొక్కరి చెయ్యి బిగువు ఒక్కోలా ఉంటుంది కనుక ముందు అరచేతంత ముక్క అల్లి, ఉతికి, ఆరాక కొలవండి. వేడినీళ్లలో నూలు కుదించుకుపోతుంది. ఉతక్కుండా కొలిచిన తొడుగు మొదటి ఉతుకు తర్వాత డబ్బాకి ఎక్కకపోవచ్చు.

అడుగుని 6 కుట్లతో మొదలుపెట్టి చుట్టుకి 6 చొప్పున పెంచితే ఎనిమిదో చుట్టుకి 48 అవుతాయి. పెంచే కుట్లు ప్రతిసారీ ఒకేచోట పడితే గుండ్రం పోయి ఆరు మూలలు తేలతాయి, కాస్త అటూ ఇటూ జరపాలి. అంచు అలల్లా లేస్తే కుట్లు ఎక్కువైనట్టు, గిన్నెలా ముడుచుకుంటే తక్కువైనట్టు. తొమ్మిదో చుట్టుని కుట్టు వెనక పోగులోంచి మాత్రమే అల్లితే అడుగు దగ్గర చక్కటి మడత వస్తుంది. అక్కణ్ణుంచి పెంచడం ఉండదు. మూత పట్టే అంచుకి సెంటీమీటరు కిందే ఆపెయ్యాలి. పోగు మూతలో ఇరుక్కుంటే సందు పడుతుంది, చోడిపిండికి పురుగు పట్టడానికి ఆ సందు చాలు. 14 సెంటీమీటర్ల ఎత్తు డబ్బాకి దాదాపు 60 గ్రాముల నూలు అవుతుంది.

పైన చెప్పిన కుట్టు అమెరికా లెక్కలో సింగిల్ క్రోషియా. ఇంగ్లండు పుస్తకాల్లో ఇదే కుట్టుని డబుల్ అంటారు. ఆ తేడా చూసుకోకుండా మొదలుపెడితే చుట్టుల లెక్కంతా తప్పుతుంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు గోగునార పండే నేల, నెల్లిమర్ల అంటేనే జూట్ మిల్లు గుర్తొస్తుంది. జనపనార పురికొసతో అల్లాలని మనసు లాగడం సహజం. అల్లండి, కానీ వంటింట్లోకి వద్దు. జనపనార తడిస్తే బలం తగ్గుతుంది, బూజు పడుతుంది. మిల్లులో నారని మెత్తబరచడానికి పట్టించే నూనె వాసన కొత్త పురికొసలో ఉంటుంది, నాలుగు రోజులు గాలికి ఆరబెట్టాలి. పైగా అది సాగదు, కాబట్టి డబ్బా కొలతే తొడుగు కొలత. సూది 6 మిల్లీమీటర్లది కావాలి. పెన్నుల డబ్బాకీ కుట్టుసామాను డబ్బాకీ దీన్ని మించింది లేదు. యాక్రిలిక్ ఊలు రంగులు బాగుంటాయి గానీ పొయ్యి దగ్గర వద్దే వద్దు. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది.

గాజు సీసాకి తొడుగు ఒక్క అందానికే కాదు. పసుపూ కారమూ వెలుతురు తగిలితే రంగు వెలుస్తాయి, నిండు అల్లిక వాటిని కాపాడుతుంది. లోపల ఎంత మిగిలిందో తెలియాలంటే ప్రతి మూడో చుట్టులో ఒకేచోట 3 కుట్లు వదిలి 3 గొలుసు కుట్లు వెయ్యండి, పై చుట్టులో ఆ గొలుసుల మీద మళ్లీ 3 కుట్లు. నిలువునా చిన్న కిటికీలు వస్తాయి.

ఆవకాయ సీసాకి మాత్రం నిండు తొడుగు వద్దు, నూనె మూత దాటి కారుతూనే ఉంటుంది. అడుగు అల్లి, గోడ 5 సెంటీమీటర్ల దగ్గర ఆపితే కారిన నూనె అందులో ఇంకుతుంది. అలాంటివి రెండు అల్లుకోండి, ఒకటి సబ్బునీళ్లలో నానుతుంటే రెండోది సీసాకి ఉంటుంది.