రైకో గర్జించింది, కనుక మీరు గెలిచారు

పాత వీడియో గేముల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక పెద్దమనిషి ప్రత్యక్షమవుతాడు. వయసు నలభైకి అటూ ఇటూ ఉంటుంది గానీ, మాట తీరు మాత్రం స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళివచ్చినవాడిది. ఇప్పటి పిల్లలకు అన్నీ వలిచి చేతిలో పెడుతున్నారని, తమ కాలంలో పోకెమాన్ అనే ఆటలో పట్టి పెంచుకునే వింత జీవుల్లో అరుదైన ఒక లెజెండరీ పోకెమాన్‌ను పట్టాలంటే ఎంతో ఓర్పు కావలసి వచ్చేదని, ఆ ఓర్పే తమను ఇంతటివారిని చేసిందని ఆయన సెలవిస్తాడు. ఎంతటివారిని చేసిందో మాత్రం చెప్పడు. ఆ మాటలు విని తలలూపే జనానికి కొదవ లేదు గనుక, ఆ మహత్తరమైన ఓర్పు ఎటువంటిదో, దాన్ని నేర్పిన గురుకులంలో పాఠాలు ఎలా సాగేవో సవినయంగా పరిశీలించడం ధర్మమని తోచింది.

ఉదాహరణకు 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి ఆటయంత్రం మీద వచ్చిన పోకెమాన్ ఫైర్‌రెడ్‌ను తీసుకుందాం. ఇందులో దేశం పట్టి తిరిగే లెజెండరీ ఒకటి ఉంది. దాన్ని వెదికే అర్హత ఊరికే రాదు. ముందు ఎలీట్ ఫోర్ అనే నలుగురు ఉద్దండులను, ఆపైన ఛాంపియన్‌ను ఓడించాలి. 60 రకాల పోకెమాన్‌ను పట్టి, ప్రొఫెసర్ ఓక్‌ను మెప్పించి నేషనల్ డెక్స్ అనే పెద్ద పోకెమాన్ జాబితా సంపాదించాలి. సెవీ దీవులకు ఓడెక్కి వెళ్ళి, ఎంబర్ పర్వతం కడుపులోంచి రూబీని తవ్వి తేవాలి. దొరికినట్టే దొరికి కళ్ళెదుటే దొంగ ఎత్తుకుపోయిన సఫైర్‌ను టీమ్ రాకెట్ అనే దొంగల ముఠా గిడ్డంగిదాకా వెంటాడి విడిపించుకోవాలి. ఆ రెండు రత్నాలనూ మొదటి దీవిలో ఉన్న సెలియో అనే యువకుడి యంత్రానికి సమర్పించాలి. ఆ క్షణాన, ఎవరికీ చెప్పకుండా, కాంటో ప్రాంతపు రహదారుల మీదకు 50వ లెవెల్ మృగం ఒకటి విడుదలవుతుంది. దండోరా ఉండదు, కబురు ఉండదు. ఇంత చేసినవాడికి ఒక్క ముక్క చెప్పడం మర్యాద కాదని తయారుచేసినవారు భావించి ఉంటారు.

విడుదలయ్యేది ఏ మృగమన్నది కూడా మన చేతిలో లేదు. అంటే ఉంది గానీ, ఉందని మనకు తెలియదు. ఆట మొదలైన కాసేపటికే ఓక్ గారి ప్రయోగశాలలో తలొక పోకెమాన్ ఉన్న మూడు బంతులు చూపించి ఒకటి తీసుకోమన్నప్పుడే ఆ ముహూర్తం నిశ్చయమైపోయింది. చార్మాండర్‌ను తీసుకున్నవారికి స్విక్యూన్, బల్బసార్‌ను తీసుకున్నవారికి ఎంటే, స్క్వర్టిల్‌ను తీసుకున్నవారికి రైకో. స్క్వర్టిల్ అనే ఆ తాబేలు ముద్దుగా ఉందని ముచ్చటపడిన పసివాడు, ఆ ముచ్చటకు ఎంత మూల్యం చెల్లించబోతున్నాడో పాపం ఎరుగడు.

ఇక వేట. మృగం ఒకచోట ఉండదు. మనం ఒక దారి నుంచి మరో దారికి, దారి నుంచి ఊరికి అడుగు మార్చిన ప్రతిసారీ అది కూడా పక్క దారికి మకాం మారుస్తుంది. ఎగిరే పోకెమాన్ మీద దాని దగ్గరికి వెళదామనుకుంటే, మనం దిగేసరికి అది మరో దిక్కున తేలుతుంది. కనుక దాని వెంట పడకుండా, ఒకచోట మాటు వేసి, అదే మన దగ్గరికి వచ్చేదాకా అటూ ఇటూ అడుగులు వేయడమే మార్గమని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ మాటుకు అనువైన స్థలాల్లో సెలడాన్ నగరానికి తూర్పున ఉన్న ఏడో నంబరు దారి ఒకటి. చిన్న దారి, కాస్త గడ్డి, పక్కనే ఊరు. అక్కడ జరిగేదాన్ని ఆ ఊరి జనం కళ్ళతో ఒకసారి చూడండి.

ఈ కుర్రవాడు సామాన్యుడు కాడు. వాళ్ళ ఊళ్ళోనే గేమ్ కార్నర్ అనే జూదశాల అడుగున టీమ్ రాకెట్ కట్టుకున్న రహస్య స్థావరాన్ని ఒంటిచేత్తో కూలదోసినవాడు, ఇప్పుడు ప్రాంతమంతటికీ ఛాంపియన్. అటువంటి మహావీరుడు ఎర్రటోపీ పెట్టుకుని ఊరి పొలిమేర దాటి రెండడుగులు వేస్తాడు. ఆగుతాడు. జేబులోంచి పోకెడెక్స్ అనే పోకెమాన్ వివరాల యంత్రం తీస్తాడు. అందులో పటం చూస్తాడు. పెదవి విరుస్తాడు. వెనుదిరిగి రెండడుగులు వేసి ఊళ్ళోకి వస్తాడు. మళ్ళీ బయటికి వెళతాడు. మళ్ళీ పటం చూస్తాడు. పొద్దున గుమ్మం ముందు నిలబడ్డ పెద్దావిడ మధ్యాహ్నం అక్కడే నిలబడి, ఎవరు పలకరించినా పొద్దున చెప్పిన వాక్యాన్నే చెబుతూ, ఈ రాకపోకలను గమనిస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి కుర్రవాడి ముఖం వెలుగుతుంది; పటంలో ఏడో నంబరు దారి మిణుకుమంటోంది. ఒళ్ళంతా మాక్స్ రిపెల్ అనే తరిమే మందు కొట్టుకుని గడ్డిలోకి దూకుతాడు. 250 అడుగుల దాకా చిల్లర పోకెమాన్ ఏదీ దగ్గరికి రాదు, రైకో తప్ప. అయితే ముందు వరుసలో నిలిపిన తన పోకెమాన్ లెవెల్ 50 మించకూడదు, మించితే రైకోను కూడా చిల్లర కిందే జమకట్టి ఆ మందు తరిమేస్తుంది. గడ్డిలో గిరగిరా తిరుగుతాడు. మందు అయిపోతుంది. మరో డబ్బా తీస్తాడు. తిరుగుతాడు. కన్ను చెదిరి ఒక అడుగు ఊళ్ళోకి పడుతుంది. రైకో వెళ్ళిపోతుంది. కుర్రవాడు మళ్ళీ పొలిమేర దగ్గర నిలబడి పటం తీస్తాడు. దీన్నే ఓర్పు అన్నారు. సెలడాన్ జనం ఏమన్నారో తెలియదు. వాళ్ళకు ఇచ్చిన వాక్యాల్లో దీనికి సరిపోయేది లేదు.

పుణ్యం పండి ఎదురుపడిందే అనుకుందాం. మొదటి వంతులోనే అది పారిపోతుంది. ఈలోగా ఒక బంతి విసరవచ్చు. అయితే పిడ్జీ వంటి పిచ్చుకకు 255గా నిర్ణయించిన క్యాచ్ రేట్, అంటే బంతికి చిక్కే సులువు, ఈ మహాజీవికి 3. దాన్ని చావు అంచుదాకా కొట్టి, నిద్రపుచ్చి, 1200 పెట్టి కొన్న అల్ట్రా బాల్ విసిరినా నూటికి అయిదు పాళ్ళ ఆశ కూడా లేదు. కొట్టిన దెబ్బలు మాత్రం మళ్ళీ కలిసినప్పుడు అలాగే ఉంటాయి, అంతవరకు దయ.

బుర్ర ఉన్న పిల్లవాడు ఇక్కడ ఆలోచిస్తాడు. పారిపోవడమే సమస్య అయితే పారిపోకుండా కట్టేస్తే పోలేదా? అతడు డిగ్లెట్ గుహకు వెళ్ళి, అరీనా ట్రాప్ అనే గుణమున్న డగ్‌ట్రియోను తెచ్చుకుంటాడు. అది ఎదుట ఉండగా నేల మీద కాళ్ళున్న ఏ అడవి పోకెమాన్ పారిపోలేదు. పైగా నేల జాతి కాబట్టి రైకో విసిరే పిడుగులు దానికి తగలవు. ఎంత చక్కని ఉపాయమో చూడండి. ఆట నేర్పిన నియమాలన్నింటినీ నేర్చుకుని, వాటిని ఒకదానికొకటి కలిపి, పెద్దలెవరూ చెప్పకుండానే పదేళ్ళ పిల్లవాడు పన్నిన వ్యూహం ఇది. ఏ ఆటైనా ఆడేవాడి నుంచి కోరుకోవలసింది ఇంతకుమించి ఏముంటుంది?

ఆ లెవెల్‌లో రైకోకు తెలిసిన విద్యలు నాలుగు: థండర్‌షాక్, స్పార్క్, క్విక్ అటాక్, రోర్. మొదటి రెండూ డగ్‌ట్రియో మీద పారవు. మిగిలినవాటిలో ఒకటి రోర్, అంటే గర్జన. గర్జిస్తే యుద్ధం అక్కడితో తెగిపోతుంది. తెగితే తెగనీ, మళ్ళీ ఏడో నంబరు దారిలో కాపు కాస్తాం, అంతే కదా అని మీరనుకుంటారు. పిల్లవాడూ అలాగే అనుకుంటాడు. పోకెడెక్స్ తీస్తాడు. పటంలో ఎక్కడా ఏదీ మిణుకుమనదు. రైకో ఇక లేదు. పక్క దారిలో లేదు, ప్రాంతంలో లేదు, ఆ ఆటలోనే లేదు. ఎన్నటికీ ఉండదు.

దీని వెనుక ఏ గూఢమైన ఆంతర్యమో ఉందనుకోకండి. ప్రతి యుద్ధం ఎలా ముగిసిందో ఆట ఒక అంకెగా గుర్తుపెట్టుకుంటుంది. ఆటగాడు గెలిస్తే 1. గర్జన వంటి కారణంతో యుద్ధం తెగిపోతే 5. యుద్ధం అయ్యాక, ఈ మృగం ఓడిపోయిందా, దీన్ని ఇక జాబితాలోంచి తీసేయవచ్చా అని ఆట చూసుకుంటుంది. చూడవలసింది అంకె 1 అవునా కాదా అని. రాసినవారు అంకె మొత్తాన్ని పోల్చకుండా, బైనరీలో దాని చివరి బిట్, అంటే కుడివైపు చివరి అంకె, 1 అయితే చాలనుకున్నారు. 5ను బైనరీలో రాస్తే 101. చివర ఒకటి ఉంది. ఒకటి ఉంది కనుక ఆటగాడు గెలిచాడు. ఆటగాడు గెలిచాడు కనుక రైకో ఓడింది. ఓడింది కనుక తుడిచేయి. మృగం గర్జించి మనల్ని తరిమేసినందుకు మనం గెలిచినట్టు దస్త్రంలో నమోదైంది. గెలిచినందుకు రావలసిన అనుభవం పాయింట్లు మాత్రం ఒక్కటీ రావు. అక్కడ లెక్క సరిగ్గానే ఉంది.

ఒక్కసారి దీని ఫలితం గమనించండి. ఏ ఉపాయమూ లేకుండా బంతి విసిరి, మృగం పారిపోతే నోరు తెరుచుకు చూసేవాడికి ఈ ప్రమాదం లేదు, ఎందుకంటే గర్జించే వ్యవధి దానికి ఉండదు. మొదటి వంతులోనే పరుగెత్తుతుంది. ఆలోచించి, సన్నాహం చేసుకుని, దాన్ని నిలువరించినవాడికే ఆ గర్జన వినిపిస్తుంది. ఈ గురుకులంలో పాఠం ఒప్పజెప్పిన పిల్లవాడికే బడితెపూజ.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మన పెద్దమనిషి చిరునవ్వు నవ్వి, ముందుగా సేవ్ చేసుకోవలసింది అంటాడు. టాంట్ అనే విద్య ప్రయోగించి నోరు కట్టేయవలసింది అని పక్కనున్నవాడు అందుకుంటాడు. అయ్యా, ఎవరితో మాట్లాడుతున్నారు మీరు? ఎప్పుడు ఎదురవుతుందో తెలియని మృగం కోసం ఏ క్షణాన సేవ్ చేయాలి? యుద్ధం ముగిశాక ఏమీ తెలియక, మళ్ళీ వెదకడానికి ముందు జాగ్రత్తగా సేవ్ చేసుకున్న పిల్లవాడి సంగతేమిటి? ఆ జాగ్రత్తే అతడి కొంప ముంచింది. ఆ కార్ట్రిడ్జ్‌లో సేవ్ చేసుకోవడానికి ఉన్నది ఒక్కటే చోటు. ఇప్పటిలా ఇంటర్నెట్‌లోంచి సవరణ వచ్చి దిగే వీలు ఆ యంత్రానికి లేదు. రైకో మళ్ళీ కావాలంటే మొత్తం చెరిపేసి, పెంచుకున్నవాటన్నింటినీ వదులుకుని, ఓక్ ప్రయోగశాల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. తప్పు చేసింది జీతం పుచ్చుకుని ప్రోగ్రాం రాసిన పెద్దవాళ్ళు. శిక్ష పడింది పిల్లవాడికి. తానే ఏదో పొరపాటు చేశానని, తనకే చేతకాలేదని వాడు అనుకున్నాడు, ఎందుకంటే వాడికి నిజం చెప్పినవాడు లేడు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా మీరు వచ్చి వాడికి ఓర్పు చాలలేదని చెబుతున్నారు. సిగ్గు అనిపించదా? అది కష్టమైన ఆట కాదు, పరీక్ష కాదు, ఒక బిట్‌ను సరిగ్గా చూడని బద్ధకం. దానికి పూలదండ వేసి మన బాల్యమంటూ ఊరేగించకండి.

ఆవేశం తగ్గించుకుని మళ్ళీ మర్యాదలోకి వస్తాను. తెలుగునాట ఈ ఆట ఆడినవారిలో ఎంతోమంది గేమ్‌బాయ్ అడ్వాన్స్‌ను బొమ్మలో తప్ప చూడలేదు. ఇంటి కంప్యూటర్‌లో ఆ యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ పెట్టుకుని, ఎక్కడినుంచి వచ్చిందో అడగకూడని ఫైలుతో ఆడుకున్నారు. వారికి కావలసిన చోట ఆటను నిలిపి దాచుకునే సౌకర్యం ఉండేది. రైకో గర్జించగానే ఒక మీట నొక్కి గర్జించక ముందటి క్షణానికి తిరిగి వెళ్ళారు. డబ్బు పెట్టి కొన్న పిల్లవాడు రైకోను పోగొట్టుకున్నాడు, దొంగ కాపీ ఆడిన పిల్లవాడు దాన్ని పెట్టెలో భద్రపరచుకున్నాడు. మన పెద్దమనిషి నీతిపాఠాల్లో ఈ అధ్యాయం ఎందుకో కనిపించదు.

భద్రపరచుకున్నవాడు దక్కించుకున్నదేమిటో కూడా చూద్దాం. ప్రతి పోకెమాన్‌కు పుట్టుకతో వచ్చే ఐవీ అంకెలు ఆరు ఉంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 31 దాకా. ఊరూరా తిరిగే ఈ మృగానికి వాటిని తిరిగి చదివేటప్పుడు మొదటి ఎనిమిది బిట్లు మాత్రమే చదివి, మిగతావి చదవడం మానేశారు. అందువల్ల దాని ప్రాణశక్తి సరిగ్గా వస్తుంది, దాడి 7 దాటదు, తక్కిన నాలుగూ సున్నా. అంటే రైకో వేగానికి సున్నా, పిడుగుకు సున్నా. అదే 2004లో జపాన్‌లో వచ్చిన ఎమరాల్డ్ అనే మరో పోకెమాన్ ఆటలో ఇలా తిరిగే లెజెండరీలకు ఈ లోపాన్ని సరిదిద్దారు. కాబట్టి అది లోపమని వారికీ తెలుసు. కాంటో అంతా కాళ్ళరిగేలా తిరిగి, గర్జనను తప్పించుకుని, నూటికి అయిదుపాళ్ళ ఆశతో బంతులు విసిరి విసిరి పట్టింది ఈ సున్నాల మూటను.

కనుక స్క్వర్టిల్‌నో బల్బసార్‌నో తీసుకున్న దురదృష్టవంతులకు, ఇప్పటికీ ఈ వేట తలపెట్టదలచినవారికి ఒక మనవి. సిల్ఫ్ కంపెనీ అధ్యక్షుడు కృతజ్ఞతగా ఇచ్చిన, గురి తప్పని మాస్టర్ బాల్ మీ సంచిలో ఉంటుంది. దాన్ని మ్యూటూ అనే మరో లెజెండరీ కోసం దాచాలని పెద్దమనుషులు చెబుతారు, వినకండి. రైకో గానీ, దానిలాగే గర్జించే ఎంటే గానీ కనిపించిన మొదటి క్షణంలోనే విసిరేయండి. మ్యూటూ సెరూలియన్ గుహ అడుగున నిలబడి ఉంటుంది. మీరు ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉంటుంది, ఎదురుగా నిలిచి సేవ్ చేసుకోనిస్తుంది, గర్జించదు.