ప్రయోజనం తెలియక ముందే

పరిశోధనకు నిధులు కేటాయించే చోటల్లా ఒకే ప్రశ్న వినిపిస్తోంది: దీనివల్ల ఒరిగేదేమిటి? ప్రజల సొమ్ముకు లెక్క చెప్పాల్సినవారు ఈ ప్రశ్న అడగడం సబబే. అయితే రెండు మూడేళ్లలో దానికి జవాబు చూపలేని శాఖలన్నిటినీ దండగ పద్దులో వేసి, వెంటనే ఫలితమిస్తాయనిపించే నాలుగైదు రంగాలకే డబ్బంతా మళ్లించే ధోరణి చాలాచోట్ల బలపడుతుండటం మాకు తీవ్ర ఆందోళన కలిగిస్తోంది. ప్రాచీన భాషలు, పురావస్తు శాస్త్రం, శుద్ధ గణితం, మొక్కల వర్గీకరణ, మానవ శాస్త్రం వంటివి ఈ కోతకు ముందుగా బలవుతున్నాయి. ఏ శాఖ ఎప్పుడు అక్కరకు వస్తుందో ముందుగా చెప్పగలమన్న ధీమాకు విజ్ఞాన చరిత్రలో ఆధారం లేదు.

ఓజోన్ పొర ఉదంతాన్నే చూడండి. అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1950ల చివరి నుంచి ఒకే కొలతను ఏటేటా తీస్తూ వచ్చారు. డాబ్సన్ స్పెక్ట్రోఫొటోమీటర్ అనే పరికరాన్ని ఆకాశానికి ఎక్కుపెట్టి, వేర్వేరు తరంగదైర్ఘ్యాల వద్ద అతినీలలోహిత కాంతి తీవ్రతను పోల్చి, నెత్తిమీది గాలిలో ఓజోన్ ఎంత ఉందో లెక్కగట్టి నమోదు చేయడమే వారి పని. ఏళ్ల తరబడి ఆ అంకెల్లో చెప్పుకోదగ్గ మార్పేదీ లేదు. ఆ దశలో ఏ మదింపు సంఘమైనా వెళ్లి చూసి ఉంటే, తెలిసిన సంగతినే మళ్లీ మళ్లీ కొలవడం దేనికని అడిగి ఉండేది. జవాబు 1985లో వచ్చింది. అక్కడి వసంత మాసాల్లో ఓజోన్ భారీగా పడిపోతోందని జో ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ ప్రకటించారు. అంతకు ముందరి మార్పులేని అంకెల వరుస చేతిలో ఉండబట్టే ఆ పతనం పతనంగా కనిపించింది.

అక్కడితో ఆ కథ ముగియలేదు. శీతలీకరణ యంత్రాల్లో అప్పట్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు అనే రసాయనాలు ఓజోన్‌ను హరిస్తాయని మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ అప్పటికి పదకొండేళ్ల కిందటే, 1974లో, రసాయన శాస్త్రం ఆధారంగా హెచ్చరించి ఉన్నారు. ఆ రసాయనాల వాడకాన్ని తగ్గించేందుకు దేశాలు కుదుర్చుకున్న 1987 నాటి మాంట్రియల్ ఒప్పందంలో వర్ధమాన దేశాలకు అదనపు గడువు ఇవ్వడం, ఆ తర్వాత వాటి ఖర్చు భరించేందుకు ప్రత్యేక నిధి ఏర్పాటు చేయడం అంతర్జాతీయ న్యాయశాస్త్రం, ఆర్థిక శాస్త్రం తెలిసినవారు సమకూర్చిన మార్గాలు. కొలిచినవారు, కారణం చెప్పినవారు, ఒప్పందం రాసినవారు మూడు వేర్వేరు విద్యల నుంచి వచ్చారు. వారిలో ఏ ఒక్కరి విద్యను ముందే కత్తిరించి ఉన్నా తక్కిన ఇద్దరి శ్రమ అక్కరకు రాకుండా పోయేది.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ పుట్టుక ఇంతకన్నా ఆశ్చర్యకరం. అప్పటి మలేరియా మందు క్లోరోక్విన్‌కు ఆ క్రిమి లొంగకుండా పోతున్న రోజుల్లో, 1967 మే 23న, చైనా ఒక రహస్య పరిశోధన కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందులో 1969లో చేరిన తూ యూయూ బృందం పాత వైద్య గ్రంథాలను తిరగేసి రెండు వేలకు పైగా మందు యోగాలను పరిశీలించి, దాదాపు రెండు వందల మూలికల నుంచి 380కి పైగా సారాలు తీసి పరీక్షించింది. మన మాచిపత్రికి దగ్గరి చుట్టమైన చింగ్‌హావ్ మొక్క సారం ఒకసారి ఆశ చూపి, మరోసారి పూర్తిగా విఫలమైంది. తూ మళ్లీ గ్రంథాల దగ్గరికే వెళ్లారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన ఒక వాక్యం దగ్గర ఆమె చూపు ఆగింది. గుప్పెడు ఆకును నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగాలని మాత్రమే అందులో ఉంది. మూలికలను మరగబెట్టి కషాయం కాచడం పరిపాటి అయితే, ఇక్కడ కాచమన్న మాటే లేదు. వేడికి గుణం నశిస్తోందేమోనన్న అనుమానంతో ఆమె సుమారు 35 డిగ్రీల సెల్సియస్‌కే మరిగే ఈథర్ అనే ద్రావకంతో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లోని మలేరియా క్రిమిని పూర్తిగా అణచివేసింది. మరుసటి ఏడాది ఆమె, ఆమె సహచరులు ఆ మందును తొలుత తమ మీదే ప్రయోగించుకున్నారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ విజయంలో రసాయన శాస్త్రం వాటా ఎంతో, పాత ప్రతులను నకలు చేసి, పాఠాంతరాలు సరిచూసి, పదహారు వందల ఏళ్లపాటు వాటిని చదవదగినవిగా నిలిపినవారి వాటా కూడా అంతే ఉందని మా నమ్మకం. ఆ పండితులెవరికీ మలేరియా క్రిమి సంగతే తెలియదు.

బాబిలోన్ మట్టి పలకలదీ ఇలాంటి కథే. క్రీస్తుపూర్వం 136లో అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని మేకుల ఆకారపు గుర్తులతో రాసే ప్రాచీన క్యూనిఫాం లిపిలో ఒక నమోదు ఉంది. భూమి ఎప్పుడూ ఇదే వేగంతో తిరుగుతూ ఉంటే ఆ గ్రహణం బాబిలోన్‌కు వేల కిలోమీటర్ల అవతల కనిపించి ఉండాలి. ఇలాంటి నమోదులను పోగుచేసి, భూభ్రమణం మెల్లగా మందగిస్తోందనీ, పగలూ రేయీ కలిసిన రోజు శతాబ్దానికి రెండు మిల్లీసెకన్ల లోపు పెరుగుతోందనీ ఖగోళ శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. మృతభాషను చదవగలిగే కొద్దిమంది లేకపోతే ఆ పలకలు పగిలిన పెంకులుగానే మిగిలేవి. శుద్ధ గణితానిదీ ఇదే దారి. ఒక వస్తువు గుండా పోయే గీతల వెంబడి మొత్తాలు తెలిస్తే దాని లోపలి రూపాన్ని ఎలా తేల్చాలన్న ప్రశ్నను గణితవేత్త యొహాన్ రాడాన్ 1917లో కేవలం గణితంగా ఛేదించారు; 1971లో తొలి రోగికి తీసిన సీటీ స్కాన్ వెనకనున్న సమస్యా అదే.

సామాజిక శాస్త్రాలను పైపై అలంకారంగా చూసేవారు 2014లో పశ్చిమాఫ్రికాను కుదిపేసిన ఎబోలాను గుర్తు చేసుకోవాలి. పదకొండు వేల మందికి పైగా ప్రాణాలు తీసిన ఆ వ్యాధి, మృతదేహాన్ని కడిగి, తాకి సాగనంపే అంత్యక్రియల్లో కూడా వ్యాపించింది. రక్షణ దుస్తులు వేసుకున్న సిబ్బంది శవాలను సంచుల్లో కట్టి తీసుకుపోతుంటే కుటుంబాలు భయపడి రోగులను దాచిపెట్టాయి. ఆ సమాజాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మానవ శాస్త్రవేత్తలు, మతపెద్దలు కలిసి కూర్చున్నాకే, బంధువులు తగినంత దూరంలో నిలబడి ప్రార్థన చేసుకునే, గౌరవం తగ్గని ఖనన పద్ధతి రూపుదిద్దుకుంది. ప్రమాదం వచ్చి పడ్డాక అలాంటి పరిచయాన్ని సంపాదించడం సాధ్యం కాదు.

వనరులు పరిమితమన్న వాదనను మేము తోసిపుచ్చడం లేదు. పరిశోధన పేరుతో జరిగేదంతా మేలైనదేమీ కాదు. మనస్తత్వ శాస్త్రంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే సుమారు 36 శాతమే మొదటి ఫలితాన్ని స్పష్టంగా నిలుపుకున్నాయని 2015లో వెల్లడైంది. ఇది కలవరపెట్టే విషయమే. కానీ దీనికి మందు నిధుల కోత కాదు. కొత్తదనం ఉన్న ఫలితాలకే పెద్దపీట వేసి, పాత ఫలితాన్ని సరిచూసేవారికి గ్రాంటూ పదోన్నతీ దక్కనివ్వని పద్ధతి వల్లే ఈ దుస్థితి దాపురించింది. సరిచూసే పనికి, విఫలమైన ప్రయోగాలను వెల్లడించే పనికి కూడా నిధులిచ్చే విశాలత పరిశోధన కార్యక్రమాలకు ఉండాలి. కఠినమైన సమీక్ష ఉండాల్సిందే. అయితే ప్రశ్న పదునుగా ఉందా, పద్ధతి నికార్సయినదా అన్నది ఆ సమీక్ష తేల్చాలి. రాబడిని అంచనా వేయడం దాని పని కాకూడదు.

అన్నిటికీ మించి, మొదలుపెట్టిన కొలతను ఆపకూడదు. చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం ప్రారంభించినప్పుడు పది లక్షల పాళ్లలో దాదాపు 315 ఉన్న అంకె ఇవాళ 420 దాటింది. వాతావరణ మార్పుపై జరిగే ప్రతి చర్చకూ పునాది అయిన ఆ రేఖలో 1964లో కొద్ది నెలల ఖాళీ ఉంది. బడ్జెట్ కోతే అందుకు కారణం. ఆ నెలల గాలిని ఇప్పుడు ఎన్ని కోట్లు పోసినా ఎవరూ కొలవలేరు.

అందుకే ప్రభుత్వాలను, విశ్వవిద్యాలయాలను మేము కోరేది ఇది. పరిశోధన నిధుల్లో నిర్ణీతమైన వాటాను తక్షణ ప్రయోజనంతో నిమిత్తం లేకుండా అన్ని శాఖలకూ కేటాయించాలి. దీర్ఘకాలిక కొలతలకు పదేళ్లకు తగ్గని హామీ ఇవ్వాలి. యువ పరిశోధకులు ఏడాదికోసారి కొలువు పోతుందన్న భయంతో బతికే స్థితిని తొలగించాలి. ఆర్థికంగా ఎంత గడ్డుకాలం వచ్చినా నమూనాలను, రాతప్రతులను, మూల సమాచారాన్ని భద్రపరిచే విభాగాలపై చేయి వేయకూడదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ సాగుతోంది. అక్కడ ఏటా దాచిన పంట నమూనాల నుంచి ఈ శతాబ్దంలో డీఎన్‌ఏ తీసి, గోధుమకు తెగులు తెచ్చే రెండు శిలీంధ్రాల పాళ్లు నూట అరవై ఏళ్లలో ఎలా మారాయో, అందుకూ గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్‌కూ ఉన్న సంబంధమేమిటో తేల్చారు. మొదటి నమూనాను దాచిన నాటికి డీఎన్‌ఏ అనే పదార్థం ఉందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు.