ఈ ఒరవడికి దారివ్వొద్దు

ఉక్రెయిన్‌పై రష్యా సాగిస్తున్న దండయాత్ర క్షమించరానిది. బాంబుల కింద బతుకుతున్న దేశం శత్రువును దెబ్బతీయడానికి అందిన ప్రతి సాధనాన్నీ వెతుక్కోవడంలో ఆశ్చర్యమూ లేదు. అయినా, డాట్ ఆర్‌యూ సహా రష్యా డొమైన్లను (వెబ్ చిరునామాల చివర వచ్చే దేశ గుర్తులను) రద్దు చేయాలని, చిరునామాల మూల జాబితాను అందించే అక్కడి రూట్ సర్వర్లను మూసివేయాలని 2022 ఫిబ్రవరి 28న ఉక్రెయిన్ ప్రభుత్వం ఇంటర్నెట్ చిరునామాల వ్యవస్థను నిర్వహించే ఐకాన్ సంస్థను కోరడం ప్రమాదకరం. మార్చి 2న ఐకాన్ నాటి అధిపతి గోరన్ మార్బీ ఆ వినతిని లేఖ ద్వారా తోసిపుచ్చడం ముమ్మాటికీ సరైన నిర్ణయం.

డొమైన్ రద్దు పుతిన్ ప్రభుత్వ వెబ్‌సైట్ల మూతతో ఆగేది కాదు. ప్రపంచంలో ఎవరు ఏ చిరునామా టైపు చేసినా దాన్ని వెతికే పని రూట్ జోన్ అనే ఒక జాబితాతో మొదలవుతుంది. అందులోంచి డాట్ ఆర్‌యూను తొలగిస్తే ఆ చిరునామాలతో నడిచే ఆసుపత్రుల ఈమెయిళ్లు, బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు అన్నీ మాయమవుతాయి. యుద్ధాన్ని ధిక్కరించి ఫిబ్రవరి 25 సంచికను రష్యన్, ఉక్రెయినియన్ భాషలు రెండింటిలోనూ అచ్చువేసిన రష్యా పత్రిక నొవాయా గజెటా చిరునామా కూడా అప్పట్లో డాట్ ఆర్‌యూనే. దాని నాటి సంపాదకుడు ద్మిత్రీ మురతోవ్‌కు 2021లోనే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సొంత ప్రజలను బయటి ప్రపంచం నుంచి విడదీసే ఏర్పాట్లకు 2019లోనే చట్టం చేసుకున్న క్రెమ్లిన్‌కు ఆ పనిని బయటివారే చేసిపెట్టినట్లయ్యేది.

అంతకుమించి కలవరపెడుతున్నది ఈ కోరిక నెలకొల్పబోయిన ఒరవడి. ఇవాళ దురాక్రమణదారుకు వేసే శిక్షను రేపు ఆంక్షలకు గురైన దేశానికి, ఎల్లుండి కోర్టులో ఓడిన దేశానికి వేయరని హామీ ఎవరిస్తారు? ఇది ఊహాగానం కాదు. ఉగ్రవాద దాడుల బాధితులకు రావాల్సిన పరిహారం కింద ఇరాన్, సిరియా, ఉత్తర కొరియా డొమైన్లను జప్తు చేయాలంటూ అమెరికాలో వ్యాజ్యం నడిచింది. 2016లో అప్పీలు కోర్టు ఆ వినతిని నిరాకరించిన మాట నిజమే. అయితే సంబంధం లేని ఇతరులు నష్టపోతారన్న కారణంతో నిరాకరించిందే తప్ప, డొమైన్ జప్తు చేయదగిన ఆస్తి అవునో కాదో తేల్చలేదు. అమెరికా వాణిజ్యశాఖ అదే ఏడాది అక్టోబర్ 1న ఐకాన్‌పై పర్యవేక్షణను వదులుకుంది. ఆ తర్వాతి తొలి సమావేశం మన హైదరాబాద్‌లోనే జరిగింది. అయినా ఐకాన్ నేటికీ కాలిఫోర్నియాలో నమోదైన సంస్థే, అమెరికా న్యాయస్థానం పిలిస్తే వెళ్లి నిలబడాల్సిందే.

ఐకాన్ చేతిలోని ఈ అధికారాన్ని ప్రభుత్వాలకు అప్పగించాలన్న వాదన ఒకటుంది. రష్యా, చైనా ఏళ్ల తరబడి అదే కోరుతున్నాయి. భారత్ సైతం 2011లో ఐక్యరాజ్యసమితిలో 50 దేశాల కమిటీని ప్రతిపాదించి, 2015 నాటికి ప్రభుత్వాలతో పాటు సంస్థలు, నిపుణులు, పౌర సమాజం కూడా పాలుపంచుకునే బహుళ భాగస్వామ్య విధానం వైపు మొగ్గింది. ప్రభుత్వాల చేతికి ఆ జాబితా చిక్కితే చెరిపివేతలే ఒరవడి అవుతాయి.

ఒక్క ఉత్తరంతో పని పూర్తయిందని ఐకాన్ బోర్డు భావిస్తే అది బాధ్యతారాహిత్యం. యుద్ధం, ఆంక్షలు, పరిహార వివాదాల పేరిట ఏ దేశ డొమైన్‌నూ తొలగించరాదని నిబంధనావళిలో స్పష్టంగా రాసుకోవాలి, అమెరికా కోర్టుల నుంచి అందుకు చట్టబద్ధమైన రక్షణ సాధించాలి. ఐకాన్‌కు సలహాలిచ్చే ప్రభుత్వాల సంఘంలో భారత్‌కు స్థానం ఉంది. ఆ కుర్చీలో మౌనంగా కూర్చుని, రేపు మన డాట్ ఇన్‌పై ఎవరో దావా వేశాక ఢిల్లీ గగ్గోలు పెడితే ఆలకించేవారుండరు.