85 శాతం లెక్క ఎక్కడిది?

"సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి 85 శాతం సాఫ్ట్ స్కిల్సే కావాలి, కోడింగ్ 15 శాతమే, ఇది హార్వర్డ్ పరిశోధనలో తేలింది" అన్న సందేశం క్యాంపస్ నియామకాల కాలం రాగానే విశాఖలోని విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. ద్వారకానగర్ శిక్షణ కేంద్రాల కరపత్రాల్లోనూ ఈ అంకెను చూశాను.

మొదట అంకె సంగతి. ఈ లెక్కకు ఆధారంగా చూపేది హార్వర్డ్ పరిశోధనను కాదు, 1918లో అమెరికాలో విద్యపై పనిచేసే కార్నెగీ ఫౌండేషన్ ప్రచురించిన, చార్లెస్ మాన్ రాసిన ఇంజనీరింగ్ విద్యాధ్యయనాన్ని. అప్పటికి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అన్నదే లేదు. విజయానికి ఏ గుణాలు ముఖ్యమో చెప్పమని ఇంజనీర్లను అడిగి వారి అభిప్రాయాలను క్రోడీకరించారే గానీ, ఉద్యోగంలో ఎవరి పనితీరునూ కొలవలేదు. పైగా వారు ముందు వరుసలో నిలిపినవి శీలం, వివేచన వంటివి. రెండు వారాల కోర్సులో నేర్పే కరచాలనం, చిరునవ్వు కావు.

రెండోది, సాఫ్ట్ స్కిల్స్ అంటే ధారాళమైన ఇంగ్లీషేనన్న భావన. ఈ మాటపై 1972లో అమెరికా సైన్యం జరిపిన సదస్సు చర్చించింది యంత్రాలతో పెద్దగా నిమిత్తం లేని పనుల గురించే తప్ప భాషా పాటవం గురించి కాదు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఒకసారి బస్సు టికెట్ల చెల్లింపు పేజీని ఎలా కడతారని అడిగితే, ఒక అభ్యర్థి పది నిమిషాలు తడుముకోకుండా ఇంగ్లీషులో మాట్లాడాడు గానీ మమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. పలాస వైపు నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం ఇంగ్లీషు తడబడుతుంటే తెలుగులోకి మారి, "డబ్బు కట్ అయ్యి టికెట్ రాకపోతే కంగారులో మళ్లీ నొక్కుతారు కదండీ, రెండోసారి కట్ అవకుండా ఆపాల్సింది మనమా, బ్యాంకా?" అని అడిగింది. ప్రయాణికుడి కంగారును ఊహించడం, ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదయ్యే ప్రమాదాన్ని పసిగట్టడం ఆ ఒక్క ప్రశ్నలోనే కలిసి ఉన్నాయి. వాటిని 85, 15గా విడదీయమంటే నా వల్ల కాదు.

ఇక, కోడింగ్‌ను మూడు నెలల్లో నేర్పవచ్చు, స్వభావాన్ని మార్చలేం అన్నది. సింటాక్స్, అంటే కోడ్ రాసే వ్యాకరణం, నేర్పవచ్చు, నిజమే. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు "నా కోడ్ వల్లే" అని దాచకుండా చెప్పడం స్వభావమేనని కూడా ఒప్పుకుంటాను. అయితే అలా చెప్పాలంటే ముందు లాగ్ (సర్వర్‌లో జరిగినవి వరుసగా నమోదయ్యే చిట్టా) చదివి, తప్పు తనదేనని పోల్చుకోగలగాలి. అందుకే మేము "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నను మానేసి, తప్పున్న లాగ్ చేతికిచ్చి, అందులో ఏం జరిగిందో కోడింగ్ తెలియని మేనేజరుకు చెప్పినట్టు చెప్పమంటున్నాం, తెలుగులోనైనా సరే.